చిన్న బి ఎటు తిరిగింది?

భిలాయి టౌన్‌షిప్‌లో కేజీ-2 చదివే తెలుగింటి పిల్ల బస్తా విప్పితే సాధారణంగా రెండు కాపీలు కనిపిస్తాయి. నోటుబుక్కును అక్కడి మనవాళ్ళు కూడా కాపీ అనే అంటారు. హిందీ కాపీలో అక్షరాలు పైగీతను పట్టుకుని వేలాడుతుంటాయి. ఇంగ్లీషు కాపీలో నాలుగేసి గీతలుంటాయి: పైనా కిందా ఎరుపు, నడుమ రెండు నీలం. ఇంట్లో అమ్మతో, నానమ్మతో మాట్లాడే తెలుగుకు మాత్రం చాలా ఇళ్ళలో కాపీ ఉండదు.

భిలాయి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పని దొరుకుతుందని తెలిసి దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల మనవాళ్ళు పార్వతీపురం, రాయగడల మీదుగా రాయపూర్ వెళ్ళే రైలెక్కి వచ్చారు. ఇప్పుడు బడికి వెళుతున్నది వాళ్ళ మనవలు, మునిమనవలు. సెక్టార్ 5 బాలాజీ గుడిలో తెలుగు వినిపిస్తుంది. ఆటల్లో, బజారులో హిందీ నడుస్తుంది. చదువు అనగానే ఇంగ్లీషు. 2020లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం స్వామి ఆత్మానంద్ ఇంగ్లీషు మీడియం బడులు మొదలుపెట్టాక, ఇంట్లో ఇంగ్లీషు ముక్క వినపడని పిల్లలు కూడా పెద్ద సంఖ్యలో ఈ నాలుగు గీతల కాపీ దగ్గరికి వచ్చారు.

ఈ అధ్యాయమంతా అలాంటి కాపీలో ఒక్క పేజీ గురించే. పేజీ తలమీద టీచరు రాసిచ్చిన చిన్న బి ఉంది. దాని కింద పిల్ల రాసిన వరసలో మొదటి మూడూ సరిగ్గా ఉన్నాయి. నాలుగో దాని పొట్ట ఎడమవైపుకు తిరిగింది. అక్కణ్ణుంచి వరస చివరిదాకా అన్నీ డీలే. ఇంకో వరసలో పెద్ద జె కొక్కెం కుడివైపుకు తిరిగి ఉంది. చిన్న ఏ, చిన్న జి, చిన్న వై మూడూ పై ఎరుపుగీతకు తలలు ఆనించి వేలాడుతున్నాయి. కె రెండు చేతులూ నిలువు గీతను అంటలేదు. పక్కన ఎర్ర సిరాతో కొట్టివేతలు.

"పైన ఉన్నదాన్ని చూసి రాయడానికేమే?" అంటుంది తల్లి.

"చూసే రాసేనమ్మా!"

పిల్ల నిజమే చెప్పింది. ఆ పేజీలో ఉన్న తప్పుల్లో ఒక్కటి కూడా అశ్రద్ధ వల్ల వచ్చింది కాదు. దాదాపు ప్రతి దాని వెనకా ఆ పిల్లకు అప్పటికే తెలిసిన విషయం ఒకటి ఉంది. ఇంగ్లీషు అక్షరాలు నేర్పడమంటే ముందుగా ఆ తెలిసిన విషయం ఏమిటో పెద్దవాళ్ళు కనిపెట్టడం.

మొదట బి సంగతి. పుట్టిన దగ్గర్నుంచి ఐదేళ్ళపాటు పిల్ల కన్ను ఒక పాఠం గట్టిగా నేర్చుకుంటుంది: వస్తువు ఎటు తిరిగినా అదే వస్తువు. ఎడమవైపు చూస్తున్న ఆవూ కుడివైపు చూస్తున్న ఆవూ ఒక్కటే. అలా పోల్చుకోలేకపోతే లోకంలో బతకడం కష్టం. అడవిలో పులి తల ఎటుందో తేల్చుకున్నాకే అది పులి అని తెలిసేట్టయితే మన జాతి మిగిలేది కాదు. చదివేటప్పుడు మెదడులో ఏం జరుగుతుందో దశాబ్దాలుగా పరిశోధిస్తున్న ఫ్రెంచి శాస్త్రవేత్త స్టానిస్లాస్ డహేన్ దీన్నే వివరిస్తారు. అక్షరాల కోసమని మెదడులో పుట్టుకతో వచ్చిన చోటంటూ లేదు. రాత పుట్టి కొన్ని వేల ఏళ్ళే అయింది. పరిణామానికి అది చాలదు. అందుకని ముఖాలనూ వస్తువులనూ గుర్తుపట్టడానికి ఉన్న ప్రాంతంలోంచి, ఎడమ మెదడు వెనక అడుగుభాగాన, కొంత చోటు అక్షరాల కోసం మళ్ళించుకుంటాం. ఆ చోటు తన పాత అలవాటును కూడా వెంట తెస్తుంది. కుడి ఎడమలు మారినా వస్తువు ఒకటే అనే అలవాటు అది. ఇంగ్లీషులో బి, డి, పి, క్యూ నాలుగూ నిజానికి ఒక్క బొమ్మే. ఒక కర్ర, ఒక పొట్ట. ఎటు తిరిగిందన్నదే వాటి తేడా. అంటే పిల్ల ఐదేళ్ళు నేర్చుకున్న పాఠాన్ని ఈ నాలుగు అక్షరాల దగ్గర మానుకోవాలి.

ఈ విషయంలో మన పొరుగు భాష మీద జరిగిన పరిశోధన నాకు చాలా ఇష్టం. ఈవ్ డాన్‌జిగర్, ఎరిక్ పెడర్సన్ అనే ఇద్దరు 1998లో ఒక పత్రం ప్రచురించారు. రకరకాల సమాజాల పెద్దవాళ్ళకు ఒక బొమ్మా, దాని అద్దపు ప్రతిబింబమూ చూపించి రెండూ ఒకటేనా అని అడిగారు. రోమన్ లిపి చదివేవాళ్ళు కాదన్నారు. తమిళం మాత్రమే చదవగలిగినవాళ్ళు అద్దపు బొమ్మను కూడా అదే అని ఒప్పుకునే ధోరణి చూపించారు. 2003లో పెడర్సన్ తమిళులనే మూడు రకాలుగా తీసుకుని చూశారు: చదువు రానివాళ్ళు, తమిళ లిపి ఒక్కటే వచ్చినవాళ్ళు, తమిళంతోపాటు రోమన్ లిపి కూడా వచ్చినవాళ్ళు. ప్రతిబింబాన్ని వేరుచేసి పట్టుకున్నది మూడో రకంవాళ్ళు. తమిళం చదివేవాళ్ళ చూపులో లోపమేమీ లేదు. కుడి ఎడమలు మారిస్తే వేరే అక్షరమయ్యే జంటలు తమిళ లిపిలో లేవు కాబట్టి ఆ తేడాను పట్టించుకోవాల్సిన అవసరం వాళ్ళకు రాలేదు. బెల్జియం, పోర్చుగల్‌లలో రెజీన్ కొలిన్‌స్కీ బృందం 2011లో చూపించింది కూడా దీనికి కలుస్తుంది. పెద్దయ్యాక రోమన్ లిపి నేర్చుకున్నవాళ్ళకు సైతం ఆ చూపు వచ్చింది. కాబట్టి ఇది వయసుతో తనంతట వచ్చేది కాదు, లిపి నేర్పేది.

తెలుగు లిపి కూడా ఈ విషయంలో తమిళం వంటిదే. అద్దంలో చూపిస్తే వేరే అక్షరమయ్యే జంట మనకు లేదనే చెప్పాలి. మన లిపి కంటికి ఇంకోరకం పరీక్ష పెడుతుంది. ద, ధ, థ పక్కపక్కన పెట్టి చూడండి. ద కింద చిన్న గీత చేరితే ధ. దాని పొట్టలో చుక్క కూడా చేరితే థ. ప, ఫ, ష కూడా అంతే. తెలుగు చదివే కన్ను చుక్కనూ గీతనూ వదలదు. అక్షరం ఎటు తిరిగిందని మాత్రం అడగదు.

మరి పెద్ద జె ఎందుకు తిరగబడింది? ఫ్రాన్స్‌లో జాఁ పాల్ ఫిషర్ పిల్లల తిరగరాతలను లెక్కపెట్టి చూస్తే, అన్ని అక్షరాలూ సమంగా తిరగబడటం లేదని తేలింది. ఎక్కువగా తిరగబడేవి పెద్ద జె, జెడ్, అంకెల్లో 1, 2, 3, 7, 9. ఇవన్నీ ఎడమవైపు చూసేవి. రోమన్ పెద్ద అక్షరాల్లో బి, సి, ఇ, ఎఫ్, కె, ఎల్, పి, ఆర్ వంటివి కుడివైపు చూస్తాయి. ఎవరూ చెప్పకుండానే పిల్లలు ఆ సూత్రం పట్టేసి, దానికి లొంగని వాటిని కూడా సరిచేసి రాస్తున్నారన్నమాట! ఇంత తెలివైన తప్పుకు ఎర్రసిరా ఎందుకు?

భిలాయి పిల్లకు ఇక్కడ ఇంకో చిక్కుంది. హిందీ త, న, మ, ప, గ, స గుర్తు తెచ్చుకోండి. అన్నిటికీ నిలువు గీత కుడిపక్కన, ఒళ్ళు ఎడమపక్కన. ముందు ఒళ్ళు గీసి తర్వాత కర్ర దించుతారు. చిన్న డి సరిగ్గా ఈ అలవాటుకు సరిపోతుంది. చిన్న బి దానికి పూర్తిగా ఎదురు. పొద్దున హిందీ కాపీలో పేజీ నిండా ప రాసి, మధ్యాహ్నం ఇంగ్లీషు కాపీ తీసిన పిల్ల బి వరస నాలుగో అక్షరం దగ్గర డి వైపు జారిపోవడానికి ఇది కూడా కారణం కావచ్చునని నా అనుమానం. రెండు కాపీలూ పక్కపక్కన పెట్టి ఏ టీచరైనా పరీక్షించి చూడవచ్చు.

కంటికి కష్టమైన ఈ తేడా చేతికి చాలా తేలిక. డి రాయాలంటే ముందు సి చుట్టాలి, చుట్టి మూయాలి, అక్కణ్ణుంచి పైకెక్కి తిన్నగా కిందకు దిగాలి. బి రాయాలంటే ముందు పైనుంచి దిగాలి, అదే గీత మీద సగం వెనక్కెక్కి కుడివైపు పొట్ట చుట్టాలి. మొదలయ్యే చోటు వేరు, తిరిగే దిక్కు వేరు. డి గడియారానికి ఎదురుగా తిరుగుతుంది, బి గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. కంటికి కవలల్లా కనిపించే ఈ రెండూ చేతికి దూరపు చుట్టాలు కూడా కావు.

చేతి దారి కంటికి సాయపడుతుందని ప్రయోగాలు కూడా చెబుతున్నాయి. ఫ్రాన్స్‌లో మరీకె లాంకాంప్ బృందం 2005లో మూడు నుంచి ఐదేళ్ళ వయసున్న 76 మంది పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. కొందరు అక్షరాలను చేత్తో రాశారు, కొందరు కీబోర్డు మీద కొట్టారు. కాస్త పెద్ద పిల్లల్లో, చేత్తో రాసినవాళ్ళే తర్వాత అక్షరాలను బాగా గుర్తుపట్టారు. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన కరీన్ జేమ్స్, లారా ఎంగల్‌హార్ట్ 2012లో ఇంకా చదవడం రాని ఐదేళ్ళ పిల్లలను తీసుకున్నారు. అక్షరాలను కొన్ని సొంతంగా రాయించారు, కొన్ని దిద్దించారు, కొన్ని టైపు చేయించారు. తర్వాత మెదడు స్కానింగ్ చేస్తూ అవే చూపించారు. పెద్దవాళ్ళు చదివేటప్పుడు పనిచేసే ప్రాంతాలు సొంతంగా రాసిన అక్షరాలకే మేలుకున్నాయి. దిద్దినవాటికీ టైపు చేసినవాటికీ అలా జరగలేదు.

దిద్దడం పనికిరాదా మరి? పలక మీద అక్షరం పెద్దగా రాసిచ్చి బలపంతో దిద్దించడం మన చదువుకు తొలిమెట్టు కదా! దారి తెలియడానికి దిద్దడం కావాలి. అక్కడే ఆగిపోతే మాత్రం చాలదు. చుక్కల అక్షరాలు అచ్చువేసిన పుస్తకంలో ఏడాది పొడుగునా దిద్దిన పిల్ల ఖాళీ గీత మీద బి రాయమంటే తడబడటం అందుకే. 2016లో ఇదే కరీన్ జేమ్స్, లీ అనే మరో పరిశోధకురాలితో కలిసి ఇంకో అడుగు ముందుకు వేశారు. చిన్న పిల్లలకు వాళ్ళెరగని గ్రీకు అక్షరాలు నేర్పారు. ఒకే అచ్చు రూపం మళ్ళీ మళ్ళీ చూసిన పిల్లల కంటే, రకరకాల వంకర రూపాలు చూసినవాళ్ళు బాగా నేర్చుకున్నారు. తాము రాసినవాటిలోని వంకరలైనా, ఇంకొకరు రాసినవైనా ఫలితం అదే. ఒకటి లావుగా, ఒకటి బక్కగా, ఒకటి ఒరిగిపోయి ఉంటేనే వీటన్నిటిలో మారనిది ఏమిటని మెదడు వెతుక్కుంటుంది. కాబట్టి కేజీ పిల్ల కాపీలో వంకర అక్షరాలను రబ్బరుతో చెరిపించి, మళ్ళీ చెరిపించి, కాగితం చిరిగేదాకా తెచ్చే అలవాటు మానాలి. ఈ విషయంలో నేను గట్టిగానే చెబుతున్నాను. ఆ వంకరలు కూడా పాఠంలో భాగమే.

వేలితో నేర్చుకోవడం అనే మాటకు వస్తే, ఇంగ్లీషు అక్షరాలకూ మన ఇసుకకూ రెండు శతాబ్దాల పైబడిన బంధముంది. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతగురువు 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పెద్దగా చేరాడు. అక్కడి అయ్యవార్లకు చిన్నపిల్లలకు ఏబీసీడీలు నేర్పడం తలనొప్పిగా ఉండేది. ఒకనాటి ఉదయం గుర్రం మీద వెళుతూ బెల్ ఒక స్థానిక బడి దగ్గర ఆగాడు. పిల్లలు నేల మీద ఇసుక పరుచుకుని వేలితో అక్షరాలు రాస్తున్నారు. మన వీధిబడుల్లో తరతరాలుగా నడిచిన పద్ధతే అది. ఆయన వెనక్కి వచ్చి, ఇంగ్లీషు అక్షరాలు కూడా ఇలాగే నేర్పమన్నాడు. కింది తరగతి అయ్యవారికి ఆ మాట రుచించలేదు. దాంతో బెల్ ఆ పనిని జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ కుర్రాడికి అప్పగించాడు. ఆ కుర్రాడు ఇసుకలో వేలు పెట్టించి పిల్లలకు అక్షరాలు నేర్పేశాడు. బెల్ 1797లో లండన్‌లో ఈ అనుభవాన్ని అచ్చువేశాడు. పిల్లలే పిల్లలకు నేర్పే ఆ విధానానికి మద్రాసు పద్ధతి అని పేరు వచ్చింది. తర్వాత ఇంగ్లండులో జోసెఫ్ లాంకాస్టర్ నడిపిన పేదపిల్లల బడుల్లోనూ ఇసుక బల్లలు వెలిశాయి. అంటే ఇంగ్లండు పిల్లలు కూడా తమ అక్షరాలను మన వీధిబడి ఇసుకలో దిద్దుకున్నారు! లాంకాస్టర్ ఏబీసీడీ వరసను పక్కనపెట్టి, నిలువు అడ్డగీతలవి ఒక గుంపు, ఏటవాలు గీతలవి ఒక గుంపు, గుండ్రనివి ఒక గుంపు చేసి నేర్పించాడు.

అందుకే వసంత పంచమి నాడు పళ్ళెంలో బియ్యం పోసి పిల్ల వేలు పట్టుకుని ఓనమాలు దిద్దించే నానమ్మ చేతిలో, తంతుతోపాటు ఒక బోధనా పద్ధతి కూడా ఉంది. ఆ పళ్ళేన్ని మర్నాడు అటక ఎక్కించకండి. అందులోనే ఇంగ్లీషు సి, ఏ, డి కూడా రాయించవచ్చు. మారియా మాంటిస్సోరి గరుకు కాగితపు అక్షరాలను వేలితో తడిమించింది. వేలితో తడిమి నేర్చుకున్న పిల్లలకు అక్షరానికీ శబ్దానికీ ఉన్న సంబంధం త్వరగా పట్టుబడుతుందని ఫ్లోరెన్స్ బారా, ఎడ్వార్ జెంటాజ్ బృందం 2004లో చూపించింది.

ఇక గీతల సంగతి. హిందీ అక్షరానికి పైగీతే ఆధారం. కింద ఎంత దిగిందన్నది తర్వాతి మాట. ఇంగ్లీషు అక్షరం కింది నీలిగీత మీద నిలబడుతుంది. కొన్ని పైకి లేస్తాయి, కొన్ని తోక దించుతాయి, కొన్ని రెండు నీలిగీతల మధ్యే సర్దుకుంటాయి. పిల్ల ఏ, జి, వై మూడింటినీ పై ఎరుపుగీతకు వేలాడదీసిందంటే హిందీ కాపీ క్రమశిక్షణను ఇక్కడ కూడా పాటించిందన్నమాట. "ఇక్కడ అక్షరం వేలాడదు, ఈ గీత మీద నిలబడుతుంది" అని ఒక్కసారి కింది నీలిగీత మీద వేలు పెట్టి చూపిస్తే సగం చిక్కు తీరిపోతుంది. ఆ మాట చాలామంది పిల్లలకు ఎవరూ చెప్పరు. చెప్పినా ఇంగ్లీషులో చెబుతారు. స్టాండింగ్ లైన్, స్లీపింగ్ లైన్, స్లాంటింగ్ లైన్ అని తరగతిలో వల్లెవేయిస్తారు. స్లాంటింగ్ అంటే ఏమిటో తెలియని పిల్లకు ఏటవాలు గీత గీయడం ఎలా తెలుస్తుంది? చేతికిచ్చే ఆజ్ఞ పిల్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఇంట్లో అమ్మ "చుట్టు, మూయి, ఎక్కు, దిగు" అంటూ తెలుగులో డి రాయించవచ్చు. వచ్చేది ఇంగ్లీషు అక్షరమే.

ఏటవాలు గీత నిజంగానే ఆలస్యంగా వస్తుంది. పిల్లలు ముందు నిలువు గీత, తర్వాత అడ్డగీత, సున్నా, కూడిక గుర్తు, చతురస్రం, ఆ తర్వాతే ఏటవాలు గీతలు, చివరగా త్రిభుజం సరిగ్గా చూసి గీయగలుగుతారు. కె చేతులు విడిపోయిన పిల్లకు ఇంకో వంద కెలు ఇంపోజిషన్ ఇవ్వడం వృథా. నాలుగు చుక్కలు పెట్టి ఏటవాలుగా కలిపే చిన్న ముగ్గు గుమ్మం ముందు వేయించండి. పెన్సిల్ పట్టు కుదరకపోతే పొడుగు పెన్సిల్ తీసేసి, విరిగిన సుద్దముక్కో బలపం ముక్కో ఇవ్వండి. పొట్టి ముక్కను పిడికిలితో పట్టుకోవడం కుదరదు కాబట్టి మూడు వేళ్ళూ వాటంతట అవే సర్దుకుంటాయి.

ఇవన్నీ కలిపితే పాఠం ఎలా ఉండాలి? సియాటిల్‌లో వర్జీనియా బెర్నింగర్ బృందం 1997లో, చేతిరాతలో వెనకబడిన 144 మంది ఒకటో తరగతి పిల్లలకు రకరకాల పద్ధతుల్లో నేర్పి చూసింది. అన్నిటికంటే బాగా పనిచేసిన పద్ధతి చాలా చిన్నది. ఏ గీత ముందో ఏది తర్వాతో అంకెలతో, బాణాలతో చూపించిన అక్షరాన్ని పిల్ల చూస్తుంది. తర్వాత దాన్ని మూసేస్తారు. జ్ఞాపకం నుంచి రాస్తుంది. తెరిచి పోల్చుకుంటుంది. పైన ఉన్నదాన్ని చూస్తూ పేజీ నింపడంలో ఈ జ్ఞాపకం పని లేదు. అందుకే మన పిల్ల వరసలో నాలుగో బి దగ్గర దారి తప్పింది. అప్పటికి ఆమె పైన ఉన్న బి ని వదిలేసి తన ముందున్న అక్షరాన్నే చూసి రాస్తూ ఉంటుంది.

కాబట్టి రోజుకు పేజీ బదులు పది నిమిషాలు చాలు. సి, ఓ, ఏ, డి, జి, క్యూ ఒక కుటుంబంగా ముందు నేర్పాలి. అవి చేతికి బాగా అలవడ్డాకే ఎల్, హెచ్, ఎన్, ఎమ్, ఆర్, ఆ తర్వాత బి, పి. ఏటవాలువి చివరికి. ఏబీసీడీ వరస పాటకు పనికొస్తుంది, డిక్షనరీకి పనికొస్తుంది. చేతికి ఆ వరస బి, డి లను ఒకే వారంలో తెచ్చి పడేసే ఇబ్బంది మాత్రమే.

ఎడమచేతి వాటం పిల్లలను కుడిచేతికి మార్చవద్దు. కాగితం పైఅంచు కుడివైపుకు కొంచెం వాలేట్టు పెట్టి, పెన్సిల్‌ను కొనకు కాస్త ఎత్తుగా పట్టుకోవడం నేర్పితే తాము రాసింది తమకు కనిపిస్తుంది. తిరగరాత ఆరేడేళ్ళ దాకా మామూలే. ఆ తర్వాత కూడా ఆగకుండా, చదవడంలో కూడా గట్టి ఇబ్బంది కనిపిస్తుంటే అప్పుడు నిపుణులకు చూపించాలి.

చివరగా భిలాయి తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది: హిందీ, ఇంగ్లీషు రెంటితోనే పిల్ల సతమతమవుతుంటే తెలుగు లిపి కూడా మొదలుపెడితే బుర్ర గందరగోళమైపోదా? పెడర్సన్ చూసిన రెండు లిపుల తమిళుల సంగతి గుర్తు చేసుకోండి. రెండో లిపి వాళ్ళకు కొత్త చూపునిచ్చింది. తెలుగుకు వేళ మించిపోదు కూడా. పక్కనున్న కన్నడంలో బడి పిల్లలు అక్షరాలన్నిటినీ పూర్తిగా పట్టుకోవడానికి నాలుగో తరగతి దాకా పడుతుందని సోనాలీ నాగ్ పరిశోధనలో తేలింది. గుణింతాలు, ఒత్తులు ఉన్న మన లిపికి కూడా అలాంటి ఓపికే కావాలి. అందుకని అచ్చులు, హల్లుల పట్టిక గోడకు తగిలించి తొందరపెట్టకుండా, పిల్ల పేరులో ఉన్న అక్షరాలతో మొదలుపెట్టవచ్చు. తర్వాత అమ్మ పేరు, తమ్ముడి పేరు. నానమ్మకు రాయడం వస్తే ఆమెనే నేర్పమనండి. అప్పటికి ఇంగ్లీషు డి చేతికి వచ్చి ఉంటే చాలు. బి ఇంకా అటూ ఇటూ తిరుగుతున్నా ఫరవాలేదు.